పద్మపాణికి నకలు

మొదటిసారి పద్మపాణిని గీసినప్పుడు ముక్కు అచ్చం మా మేనమామ ముక్కులా వచ్చింది. రెండోసారి ముక్కు కుదిరింది గానీ మెడ విరిగినట్టు వచ్చింది. మూడోసారికి తప్పు చేతిలో లేదని, కంట్లో ఉందని అర్థమైంది. నేను ఎదురుగా ఉన్న బొమ్మను చూసి గీయడం లేదు. ముక్కంటే ఇలా ఉంటుందని నాకు ముందే తెలిసిన ముక్కును గీస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం, అచ్చయిన నాలుగు కథలు, చిత్రకళ మీద రాసిన రెండు పుస్తక సమీక్షలు. ‘రేఖ’, ‘లయ’ అంటూ ఆ సమీక్షల్లో ధారాళంగా రాసేశాను. బడి వదిలాక ఒక్క గీత గీసిన పాపాన పోలేదు. ఇంటి నుంచే పని చేసుకోమన్న రోజుల్లో గోదావరిఖని వచ్చేశాను. బాపు రిటైరయ్యి, క్వార్టర్ ఖాళీ చేశాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర కొన్న అజంతా పుస్తకం ఒకటి సంచిలో ఉంది. సాయంత్రాలు ఏం చేయాలో తోచక అందులోని పద్మపాణిని ముందు పెట్టుకుని కూర్చున్నాను. సులువని ఎంచుకోలేదు. అందరికీ తెలిసిన బొమ్మ కాబట్టి ఎక్కడ తప్పు పోయిందో నాకే తెలిసిపోతుందని.

మా వీధి చివర ఒక ఆర్టిస్టన్న ఉంటాడు. ఒకప్పుడు దుకాణాల బోర్డులు, బండి నంబర్లు, ఎన్నికల గోడరాతలు అన్నీ ఆయన చేతి మీదుగానే. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టి జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. నా మూడు పద్మపాణుల్ని చూసి నవ్వలేదు. “ఫోటోను తలకిందులు పెట్టుకొని గియ్యి. అప్పుడు అది ముక్కని నీకు యాదికి రాదు. ఉత్త గీత లెక్కనే కనవడ్తది,” అన్నాడు. తర్వాత స్కేలు తీసుకుని బొమ్మ మీద గళ్ళు గీసిచ్చాడు. ఒక్కో గడిలో ఏముందో అదే గీయాలి, పక్క గడి వైపు చూడొద్దు.

అట్లా తలకిందులుగా గీసిన నాలుగో పద్మపాణి మొదటిసారి మనిషిలా కనిపించాడు.

*

ఈ సంగతి హైదరాబాదులోని ఒక మిత్రుడికి ఫోన్లో చెబితే, “అంటే కాపీ కొడుతున్నావన్న మాట,” అన్నాడు. సరదాకే అన్నాడు గానీ ముల్లులా గుచ్చుకుంది. మనకు కాపీ అంటే పరీక్ష హాల్లో చీటీ. నకలు అంటే తహసీల్ ఆఫీసులో కాగితం, లేదా నకిలీ. సాహిత్యంలో అయితే ఇంకా పెద్ద తిట్టు. సొంత గొంతు, సొంత చూపు అని మాట్లాడుకునే మనం, ఆ గొంతు ఎక్కడ తయారవుతుందో పెద్దగా అడగం.

ఆ ఆదివారం తమ్ముడి బండి మీద ధూళికట్టకు పోయాను. మా పెద్దపల్లి జిల్లాలోనే ఉన్న శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం అది. బొగ్గు, కరెంటు, ఎరువులు తప్ప మా దగ్గర ఏముందని అనుకునే మాబోటి వాళ్ళు చాలామంది అటువైపు పోనే పోరు. అక్కడ దొరికిన సున్నపురాతి పలకల్ని తర్వాత కరీంనగర్ మ్యూజియంలో చూశాను. ముచిలింద నాగుడు పడగలు విప్పి, చుట్టలు చుట్టుకుని ఉంటాడు. ఆ నాగుడే ఒక పలక మీద, మళ్ళీ ఇంకో పలక మీద. ఒకదానిలో చుట్ట బిగువుగా ఉంటుంది, ఇంకొకదానిలో కొంచెం జారుతుంది. ఒకే నమూనాను వేర్వేరు చేతులు చెక్కినట్టు నాకు అనిపించింది. ఆ శిల్పులకు నకలు తిట్టు అయి ఉండదు. అది పని.

అజంతాలోని 9, 10 గుహలు కూడా మొదట ఆ శాతవాహనుల కాలానివే. పద్మపాణి ఉన్న ఒకటో గుహ మాత్రం చాలా తర్వాతిది, 5వ శతాబ్దపు వాకాటక హరిషేణుడి కాలానిది. గర్భగుడి ద్వారానికి ఎడమవైపు గోడ మీద పద్మపాణి, కుడివైపు వజ్రపాణి. నడుము దగ్గర ఒక వంపు, మెడ దగ్గర ఇంకో వంపు, చేతిలో కలువ, కిందికి వాలిన కళ్ళు. చుట్టూ ఎంత సందడి ఉన్నా ఆయన దేన్నీ చూడడు.

ఆ గోడను నకలు తీయడానికి మనుషులు పడిన పాట్ల చరిత్ర చదివాక నా మిత్రుడి మాట ముల్లు ఊడిపోయింది.

*

1819లో జాన్ స్మిత్ అనే మద్రాసు సైన్యపు అధికారి అజంతా గుహల్ని చూసి, పదో గుహలో బొమ్మ ఉన్న స్తంభం మీదే తన పేరు, తేదీ గీకి పోయాడు. పాతికేళ్ళ తర్వాత అదే మద్రాసు సైన్యం నుంచి ఇంకొకడు వచ్చాడు, రాబర్ట్ గిల్. ఆయన పని గీకడం కాదు, చూసి వేయడం. 1844లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని గోడల మీది బొమ్మలకు తైలవర్ణ నకళ్ళు తీయమని నియమించింది. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పెద్ద పెద్ద కాన్వాసులు నింపి లండన్ పంపాడు. 1866లో అక్కడి క్రిస్టల్ ప్యాలెస్‌లో మంటలు లేచి దాదాపు అన్నీ కాలిపోయాయి. గిల్ మళ్ళీ మొదలుపెట్టాడు. 1879లో చనిపోయేదాకా అజంతాను వదల్లేదు.

తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు నుంచి జాన్ గ్రిఫిత్స్. 1872 నుంచి 1885 దాకా, మధ్యమధ్య ఆగుతూ, తన విద్యార్థుల్ని తీసుకెళ్ళి నకళ్ళు వేయించాడు. బడిలో ప్లాస్టర్ బొమ్మలు చూసి గీసే భారతీయ విద్యార్థులకు మొదటిసారి తమ దేశపు గోడే పాఠ్యపుస్తకమైంది. ఆ నకళ్ళలో కూడా ఎన్నో 1885లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని మ్యూజియంలో కాలిపోయాయి.

రెండుసార్లు నకళ్ళు బూడిదయ్యాయి. గోడ మీది అసలు మాత్రం పెచ్చులూడుతూ అక్కడే ఉంది. నకలు కాగితం ముక్క, అసలు శాశ్వతం అనుకుంటాం. అజంతాలో రెండూ పందెం వేసుకున్నట్టు చెదిరిపోతూ వచ్చాయి. ఇవాళ గోడ మీద ఆనవాలు లేని కొన్ని భాగాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి మిగిలిన నకళ్ళే ఆధారం.

మూడో ప్రయత్నంలో మన కథ వస్తుంది. అప్పటికి అజంతా నిజాం రాజ్యంలో ఉంది, ఔరంగాబాద్ జిల్లాలో. మా రామగుండం కూడా అదే రాజ్యంలో. 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా పద్మపాణీ మా తాతా ఒకే సర్కారు కింద ఉన్నారన్న మాట. ఆ రాజ్యానికి ఇటు చివర ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, 1889 నుంచి తవ్వకం మొదలైంది. అటు చివర అజంతాలో, 1909 నుంచి 1911 మధ్య రెండు చలికాలాలు, క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి చీకటి గుహల్లో నకళ్ళు తీసింది.

ఆమెతో పాటు పనిచేసిన వాళ్ళలో కలకత్తా నుంచి వచ్చిన నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ పేర్లు అందరికీ తెలుసు. హైదరాబాద్ రాజ్యం నుంచి వచ్చిన ఇద్దరి పేర్లు మనకే తెలియవు. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్. కలకత్తా కుర్రాళ్ళు తిరిగి వెళ్ళి పెద్ద చిత్రకారులయ్యారు. సయ్యద్ అహ్మద్ అజంతాకే వెనక్కి వచ్చాడు. 1914లో నిజాం సర్కారు పురావస్తు శాఖను పెట్టి గులాం యజ్దానీకి అప్పగించింది. ఆ తర్వాత సయ్యద్ అహ్మద్ అజంతా క్యూరేటర్ అయ్యి, ఆ గోడల్నే మళ్ళీ మళ్ళీ చూసి వేశాడు. ఆయన, జలాలుద్దీన్ వేసిన నకళ్ళు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని అజంతా గ్యాలరీకి చేరాయి. నేను డిగ్రీ రోజుల్లో ఆ గ్యాలరీలోంచి ఫోన్ చూసుకుంటూ నడిచిపోయిన మనిషిని. ‘ఇవి అసలువి కావులే’ అని.

హెరింగ్‌హామ్ గురించి ఇంకో సంగతి నన్ను ఆపేసింది. అజంతాకు రాకముందు, 1899లో, ఆమె చెన్నీనో చెన్నీనీ అనే ఇటలీ చిత్రకారుడి పాత పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. రంగులు నూరడం, గోడకు పూత వేయడం దగ్గర్నుంచి అన్నీ చెప్పే పనివాళ్ళ పుస్తకం అది. చెన్నీనీ సలహా ఏమిటంటే, ఒక మంచి గురువును ఎంచుకో, రోజూ ఆయన బొమ్మల్నే చూసి వేయి. ఇవాళ ఒకరిని, రేపు ఇంకొకరిని పట్టుకుంటే నీకు ఏదీ రాదు. ఒకరినే పట్టుకుని ఉంటే, నీలో ఏదైనా ఉంటే అదే బయటికొస్తుంది. మా ఆర్టిస్టన్న చెన్నీనీని చదవలేదు. “ఒక్క బొమ్మనే పది సార్లెయ్యి, పది బొమ్మలు ఒక్కసారి ఎయ్యకు,” అని మాత్రం అన్నాడు.

ఈ పరంపర ఎక్కడో బెంగాల్‌లో ఆగిపోలేదు. నందలాల్ బోస్ శాంతినికేతన్‌లో గురువయ్యాడు. వరంగల్ జిల్లా పెనుగొండ నుంచి వెళ్ళిన కొండపల్లి శేషగిరిరావు ఆయన దగ్గర చదివి, హైదరాబాదు వచ్చి ఎందరికో బొమ్మలు నేర్పాడు. అజంతా గోడ ముందు కూర్చుని ఒక కుర్రాడు పట్టుకున్న గీత, ఇన్ని చేతులు మారి తెలంగాణకు తిరిగొచ్చింది.

*

నకలు తీస్తే వరస తెలుస్తుంది. ఇది చదివితే తెలిసేది కాదు.

అజంతా చిత్రకారులు రాతి మీద మట్టి పూత వేశారు. అందులో వరి ఊక, నార, గడ్డి కలిపారు. దాని మీద పల్చగా తెల్లని పూత. ఎర్రరంగుతో మొదటి గీత. ఆ తర్వాత రంగులు నింపి, చివర్లో ముదురు రంగుతో మళ్ళీ గీత కట్టారు. నేను మొదట్లో నల్లటి గీత గీసేసి, పిల్లల రంగుల పుస్తకంలా దాంట్లో రంగు నింపుతుండేవాణ్ణి. బొమ్మ బిర్రబిగుసుకుపోయేది. వాళ్ళ వరసలో చేస్తే, రంగు గీతను దాటిపోయినా భయం లేదు. చివరి గీత వచ్చి సర్దుకుంటుంది. ఆ చివరి గీతకు చేయి వణకకూడదు, అంతే. ఆ ‘అంతే’కు నాకు ఏడు నెలలు పట్టింది.

రంగులు కూడా మన ఇంట్లోవే. ఎర్రమన్ను, పచ్చమన్ను, ఆకుపచ్చ రాతిపొడి, తెల్లసుద్ద, దీపపు మసి. నీలం ఒక్కటే దూరం నుంచి, అఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్దం. మా అమ్మ గడపకు పూసే జాజు తెచ్చి, వడగట్టి, తుమ్మబంకలో కలిపాను. అమ్మమ్మ ఇంటి గోడ మన్నూ ఊకా కలిపి మెత్తినదే. అజంతా గోడ గురించి చదువుతుంటే ఆ గోడ వాసన వచ్చింది.

నలుపు కోసం మాత్రం నాకో గొప్ప ఆలోచన వచ్చింది. బొగ్గు ఊళ్ళో ఉండి దీపపు మసి ఎందుకు? ఒక బొగ్గుపెళ్ళ తెచ్చి రెండు రోజులు నూరాను. గరుకు పోలేదు. కాగితం మీద పూస్తే నలుపు కాదు, మురికి గోధుమ రంగు. బాపు చూసి, “ముప్పై ఏండ్లు దాన్ని దగ్గరికెల్లి చూసిన. అది నలుపని నీకెవలు చెప్పిన్లు? మెరుస్తది, గోధుమ తిరుగుతది, నీలం గొడ్తది. ఉత్త నలుపు బాయిల చీకటిదే,” అన్నాడు. చివరికి నువ్వుల నూనె దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టాను.

ఇంత కష్టపడి, పుస్తకంలోని పద్మపాణి ఒంటిరంగును అచ్చు దించాననుకున్నాక ఇంకో దెబ్బ తగిలింది. ఆ పసుపు తిరిగిన గోధుమ రంగంతా చిత్రకారుడిది కాదు. గ్రిఫిత్స్ కాలంలో బొమ్మ స్పష్టంగా కనిపించాలని గోడ మీద వార్నిష్ పూశారు. 1920 తర్వాత నిజాం సర్కారు పిలిపించిన ఇటలీ నిపుణులు లొరెంజో చెక్కోనీ, ఓర్సీనీ ఊడిపోతున్న పెచ్చుల్ని జాగ్రత్తగా అతికించారు. గోడ నిలబడింది వాళ్ళ వల్లే. కానీ రంగు నిలవడానికి వాడిన లక్క పూత కూడా కాలంతో పసుపెక్కింది. తర్వాత పురావస్తు శాఖ వాళ్ళు ఆ పూతల్ని మెల్లగా తీస్తూ వచ్చారు. నా పుస్తకంలోని ఫోటో ఎప్పటిదో! అంటే నేను ఏడు నెలలు నూరి కలిపిన రంగులో కొంత పద్మపాణిది, కొంత వార్నిష్‌ది, కొంత అచ్చు సిరాది.

ఒక వారం కుంచె ముట్టలేదు. తర్వాత అనిపించింది, చరిత్ర చదవడం కూడా ఇట్లాగే కదా. మనం చూసేది గతాన్ని కాదు, దాని మీద ఒక్కో కాలం ప్రేమతో పూసిన పూతల్ని. ఏ పూత ఎవరిదో తెలియాలంటే ఒకసారి చేత్తో కలిపి చూడాల్సిందే.

*

పదకొండో పద్మపాణి దగ్గర ముఖం ఆగిపోయింది. గీతలన్నీ ఉన్నాయి, ముఖం మాత్రం పలకలా చదునుగా ఉంది. ఎడమ చెంపకు నీడ వేసి చూశాను, కుడి చెంపకు వేసి చూశాను. ఫోటో స్టూడియోలో దిగిన మనిషిలా అయ్యాడు తప్ప పద్మపాణి కాలేదు.

బాపు కండ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు పుస్తకంలోని బొమ్మను చూశాడు.

“ఈయనకు దీపం ఎక్కడున్నది బిడ్డా?”

“అంటే?”

“వెలుగు ఏ దిక్కునుంచి వస్తున్నది? నీడ ఏ పక్కకూ పడ్తలేదు గద.”

నిజమే. పద్మపాణి ముఖంలో ముక్కు దూలం మీద, పెదవి మీద, గడ్డం మీద వెలుగు. అంచుల వైపు పోయేకొద్దీ ముదురు. నీడ మాత్రం ఎటూ పడదు. నేను ఆ మాట చెప్పేలోపే బాపు అన్నాడు:

“బాయిల గిట్లనే కనవడ్తది. లైటు మన నెత్తి మీదుంటది. మనం ఎటు చూస్తే గటే పడ్తది. ఎదురుంగ ఉన్నోని ముక్కు మెరుస్తది, చెంపలు చీకట్ల కలుస్తయి. నీడ వాని ఎన్కకు పోతది, మనకు కానరాదు.”

బాపు 1980ల్లో బదిలీ ఫిల్లర్‌గా బాయిలో దిగినవాడు. తట్టా చెమ్మస్‌తో మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళు టోపీ లైటు వెలుగులోనే మనుషుల్ని చూసినవాడు. అజంతా ముఖం ఆయనకు కొత్త కాలేదు.

దాదాపు అజంతా కాలానికి దగ్గరిదని పండితులు చెప్పే విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఈ పద్ధతిని ‘వర్తన’ అంటుంది. పత్ర, ఐరిక, బిందు అని మూడు రకాలు. ఆకు ఈనెల్లాంటి గీతలతోనో, చుక్కలతోనో రంగును ముదరబెట్టి గుండ్రదనం తెప్పించడం. కిటికీలోంచి వచ్చే వెలుగును చూసి పడమటి చిత్రకారుడు నీడ వేశాడు. వర్తనకు ఆ కిటికీతో పని లేదు. దీని గురించి నేను అంతకుముందే చదివాను, ఒక సమీక్షలో వాడాను కూడా. కానీ ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో బాపు చెప్పేదాకా తెలియలేదు. చూసేవాడి నుదుటి మీది నుంచి.

అజంతా చిత్రకారులు ఎలాంటి దీపాలు పెట్టుకుని వేశారో, అందుకే అలా వేశారో నేను సిద్ధాంతం చేయను. నా నకలుకు మాత్రం దారి దొరికింది. ఆ రాత్రి బల్బు ఆర్పి, సైకిలు తొక్కేవాళ్ళు పెట్టుకునే తల లైటు ఒకటి పెట్టుకుని తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాను. వాడు తిట్టుకుంటూ కూర్చున్నాడు. ముక్కు మెరిసింది, చెంపలు చీకట్లో కలిశాయి.

*

పద్నాలుగో పద్మపాణి ఇప్పుడు మా ముందు గదిలో ఉన్నాడు. కింద సంతకం పెట్టాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అజంతాలో గుహల్ని తొలిపించిన వాళ్ళ పేర్లు శాసనాల్లో ఉన్నాయి. 16వ గుహలో హరిషేణుడి మంత్రి వరాహదేవుడు తన వంశం సంగతి కూడా చెప్పుకున్నాడు. గీకిపోయిన జాన్ స్మిత్ పేరూ ఉంది. పద్మపాణిని వేసినవాడి పేరు లేదు. బాపు ముప్పై ఏళ్ళు తీసిన బొగ్గు ఎక్కడ మండి, ఎవరింట్లో బల్బై వెలిగిందో ఆయనకూ తెలియదు. అడిగితే, “మస్టర్ పడ్డదా లేదా, గంతే,” అంటాడు. సయ్యద్ అహ్మద్ కూడా అట్లాంటి మనిషే అయి ఉంటాడని నా ఊహ. రోజూ వెళ్ళి, గోడను చూసి, చూసినంత దించి వచ్చిన మనిషి. అందుకే బొమ్మ వెనక ‘చూసి వేసినది’ అని రాసి, సంవత్సరం వేశాను.

లాక్‌డౌన్ ముగిశాక హైదరాబాద్ రాగానే మొదట పబ్లిక్ గార్డెన్స్‌కు పోయాను. ఈసారి ఫోన్ జేబులోనే ఉంది. ఒక్కో నకలు ముందు నిలబడి, చివరి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూశాను. చేయి ఒక్కచోట కూడా వణకలేదు.

మొన్న పండుగకు ఇంటికి పోయినప్పుడు బాపును తల లైటు వెలుగులో కూర్చోబెట్టి గీశాను. గళ్ళు లేవు, తలకిందులు పెట్టడానికి ఫోటో లేదు. చూసి వేయడానికి ఇంతకుముందు ఎవరూ వేసిన బొమ్మా లేదు. గంటన్నర పట్టింది. అయ్యాక బాపు కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు.

“బాగనే ఉన్నది గని, ముక్కు నాది కాదు బిడ్డా. గాయనది,” అని గోడ మీది పద్మపాణిని చూపించాడు.